కరెంటు పోని రోజులు

మోగడం లేదు. మోగితే కదా ఎత్తడమో ఎత్తకపోవడమో. మీరు కాల్ చేస్తున్న నంబరు ప్రస్తుతం కవరేజ్ ఏరియాలో లేదు అని ఆ అమ్మాయి తీరిగ్గా చెబుతోంది, ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో, ఎక్కడా తొందర లేదు ఆ గొంతులో. కట్ చేసి మళ్ళీ చేస్తాను. మళ్ళీ అదే. రైలు మార్కాపూర్ రోడ్ స్టేషను దాటి కాసేపే అయింది, కిటికీ పక్కన చోటు దొరికింది, దొరక్కపోతే తలుపు దగ్గర నిలబడి అయినా వచ్చేదాన్ని. గిద్దలూరులో దిగాలి, అక్కడినుంచి ఏదో ఒక ఆటో పట్టుకోవాలి, అడవి అంచున ఉన్న ఆ గూడేనికి దారి అడుక్కుంటూ పోవాలి. రేణుక అక్కడుంది. కడుపుతో ఉంది, నెలలు నిండబోతున్నాయి, ఒంట్లో రక్తం లేదు. రక్తం బాగుందని నమ్ముకొని కూర్చుంది. బాగుందని చెప్పింది నేనే. నేను కాదు, నేను రాసిన ప్రోగ్రాము. పొద్దుటినుంచి ఈ ముక్క నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో, ప్రోగ్రాము చెప్పింది, నేను కాదు. దాని చేత చెప్పించింది ఎవరు మరి.

మా ల్యాబులో మిస్డ్ కాల్ రిపోర్టు అని ఒకటుంది. కొనకనమిట్ల నుంచీ పెద్దారవీడు నుంచీ గిద్దలూరు అడవుల దాకా జనం పొద్దున్నే వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళిపోతారు, ఆ కాగితం కోసం మళ్ళీ ఇంకో రోజు పని పోగొట్టుకొని రావాలి. అంత తిరుగుడు లేకుండా మా నంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తే ఫలితం అంకెతో సహా మెసేజీగా వచ్చేట్టు నేను చేశాను. బాగుంటే, మీ రక్తం బాగుంది, మళ్ళీ రానవసరం లేదు అని. బాగాలేకపోతే, వెంటనే డాక్టరును కలవండి అని. పేర్లు మాత్రం వద్దన్నాడు మా ఓనరు ప్రకాశరావు సార్, ఆడవాళ్ళ పేర్లు ఎవరెవరి ఫోన్లలోనో తిరగడం ఎందుకమ్మా అని. మంచి మాటే అనిపించింది, సరేనన్నాను. మిస్డ్ కాల్ ఇవ్వడం మావైపు ఎవరికీ నేర్పనక్కర్లేదు. పొలం దగ్గర ఉన్నానంటే ఒకటి, అన్నం పంపమంటే రెండు, బస్సు దిగానంటే ఒకటి, మాటలక్కర్లేని సంసారాలు ఇక్కడ బోలెడు. అయితే ఇచ్చినవాళ్ళు ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటారా. మెసేజీ వచ్చాక కూడా ఇస్తారు, మళ్ళీ వస్తుందేమో చూద్దామని ఇస్తారు, బంధువులు చూస్తారని ఇస్తారు. ఇచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాము రక్తం పరీక్షించే యంత్రం దగ్గరికి పోయి ఫలితం చదువుకొని రావాలి. కంప్యూటరు మొరాయించేది. అప్పుడు నేనొక తెలివైన పని చేశాను.

ఆ తెలివికి ఇప్పుడు నా చెంపలు వాయించుకోవాలనుంది. ఒక్కో పనికి రాసుకునే ఫంక్షను లోపల పెట్టిన వేరియబుల్, అంటే విలువ దాచుకునే పెట్టె, ఆ పని జరిగినంతసేపే బతుకుతుంది, పని అయిపోగానే పోతుంది, తర్వాత వచ్చినవాడికి దాని వాసన కూడా తగలదు. ప్రోగ్రాము మొదట్లో, అన్ని ఫంక్షన్లకూ బయట పెట్టింది అట్లా పోదు. ప్రోగ్రాము నడిచినన్నాళ్ళూ ఉంటుంది, ఎవరొచ్చినా అదే పెట్టె, అందులో ముందు పడిందే తర్వాతా ఉంటుంది. ఇవన్నీ నాకు తెలియనివా. డిగ్రీ చదువుతూ ఫోనులో వీడియోలు చూసి చూసి, ఛార్జింగు వైరు అందినంత దూరంలో నేల మీద పడుకొని నేర్చుకున్నాను. తెలిసే పెట్టాను పెట్టెను బయట. ఒక నంబరుకు ఒకసారి ఫలితం చదివితే పెట్టెలో దాచిపెట్టు, అదే నంబరు మళ్ళీ వస్తే యంత్రం దాకా పోవద్దు, దాచిందే ఇచ్చెయ్. నాలుగు లైన్లు. ఆ సాయంత్రం మెసేజీలు చకచకా పోతుంటే ప్రకాశరావు సార్ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు, అస్మా నువ్వు హైదరాబాదులో ఉండాల్సినదానివి అన్నాడు. ఒక నంబరంటే ఒక మనిషి అనుకున్నాను. ఎక్కడ పుట్టి పెరిగానని అట్లా అనుకున్నాను? మా ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఫోను ఉన్న రోజులు నేను చూడలేదా, అబ్బా జేబులో ఉన్న ఆ ఫోనుకే నా కాలేజీ మెసేజీలూ, అమ్మీ కుట్టుపని ఇచ్చేవాళ్ళ కబుర్లూ, తాత కళ్ళాసుపత్రి పిలుపులూ అన్నీ వచ్చేవి కదా. చదువుకున్నాక కంప్యూటరు ముందు కూర్చునేసరికి ఇంటిసంగతి మర్చిపోయినట్టున్నాను.

ఎదురు సీట్లో ఒకక్క ఒళ్ళో ప్రెషర్ కుక్కరు పెట్టుకొని కూర్చుంది, మూత ఒకచేత్తో అదిమి పట్టుకొని. బాగుచేయించుకొస్తోంది కాబోలు. ఇందాకటినుంచీ నన్నే చూస్తోంది. "ఏంది పాపా, అన్నిసార్లు చేస్తాండావు, ఎవరికన్నా బాగలేదా" అంది. అవునన్నట్టు తలూపాను. "దేవుడున్నాడులే" అంది. ఉన్నాడు, సరే. అవతల నెట్‌వర్కు కూడా ఉండాలి కదా.

నవ్వుకుంటూ వచ్చాడు పొద్దున చెన్నకేశవులు. పొదిలి దారిలో టీ కొట్టు ఆయనది, షుగరు చూపించుకోవడానికి నెలనెలా వస్తాడు. "ఏమ్మా, మా ఆవిడకూ నాకూ ఒకటే షుగరంట, ఒక్క పాయింటు కూడా తేడా లేదంట. ముప్పై ఏండ్లు కాపరం చేసినాం గానీ ఇంత కలిసిపోయినామని నాకు తెల్దే. ఆమె బెల్లం ముక్క గూడా ముట్టదు, నేనేమో టీ కొట్టోణ్ణి" అని ఫోను నా ముందు పెట్టాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే యంత్రంలో చూశాను. ఆయనది ఒకటి, ఆమెది ఒకటి, పొంతనే లేదు. ఫోనులో మాత్రం రెండూ ఒకటే. నంబరూ ఒకటే. ఆ నవ్వు నా మొహం మీద ఎంతసేపు అట్లాగే ఉండిపోయిందో, ఏమైందమ్మా అంటున్నాడు ఆయన. ఒక నంబరు, ఇద్దరు మనుషులు. ముందొచ్చినవాళ్ళ ఫలితం పెట్టెలో ఉంది, వెనకొచ్చినవాళ్ళకు అదే పోయింది. యంత్రంలో అసలు ఫలితం చక్కగా ఉంది, దాన్ని అడిగినవాళ్ళే లేరు. అప్పుడు ఒక్కొక్క నంబరే తీసి చూస్తూ పోయాను, ప్రకాశరావు సార్ ఒకవైపు, నేనొకవైపు ఫోన్లు చేస్తూ పోయాం. పొరపాటయింది, మీ అమ్మగారిది సరిగ్గానే ఉంది, మీదే మళ్ళీ చూడాలి. కొందరు తిట్టారు, కొందరు పర్లేదులే అన్నారు. అందరూ దొరికారు. ఈ నంబరొక్కటే దొరకలేదు. ఈ నంబరులో ముందు నాగేశ్వరమ్మ హిమోగ్లోబిన్ పన్నెండు. తర్వాత ఆమె కోడలు రేణుక, అయిదు. అయిదు చూశాక నేను కుర్చీలోంచి లేచాను గానీ ఎందుకు లేచానో తెలియలేదు, మళ్ళీ కూర్చున్నాను. హిమోగ్లోబిన్ అయిదుతో కాన్పుకు పోతే ఏమవుతుందో ల్యాబులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. గిద్దలూరులో తెలిసినవాళ్ళకు సార్ చేస్తూనే ఉన్నాడు, ఏ గూడెం, ఎటువైపు అంటున్నారు వాళ్ళు, మా దగ్గర ఉన్నది నంబరొక్కటే.

ఇన్నాళ్ళూ ఎందుకు బయటపడలేదంటే, కరెంటు. అదే నన్ను తినేస్తోంది. మా బజారులో కరెంటు రోజూ పోయేది. మధ్యాహ్నమో సాయంత్రమో, ఎప్పుడో ఒకప్పుడు పోవడం మాత్రం ఖాయం. కంప్యూటరు టప్పున ఆరిపోయేది, తిరిగి వచ్చినప్పుడు ప్రోగ్రాము మొదటినుంచీ మొదలయ్యేది, పెట్టె ఖాళీ. నిన్నటివాళ్ళు ఇవాళ్టివాళ్ళకు అడ్డంపడేవాళ్ళు కాదు. తిట్టుకునేదాన్ని కరెంటును, ఏం ఊరో ఇది అని. ఆ కరెంటు పోవడమే రోజూ నా తప్పును కడిగిపెడుతోందని నాకేం తెలుసు. ఒకే రోజు ఒకే నంబరుతో ఇద్దరు వచ్చి ఉంటే అప్పుడు కూడా... వద్దు, అది ఇప్పుడు వద్దు, ఆ ఆలోచన తర్వాత. ఇన్వర్టరు కొనమని ప్రకాశరావు సార్ వెంటపడింది కూడా నేనే. సార్ ఇన్వర్టరుకు కుంకుమ పెట్టి, కింద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. నన్ను స్విచ్చి వెయ్యమన్నాడు, నీ చేత్తో వెయ్యమ్మా అని. ఆ రోజునుంచి మా కంప్యూటరు ఆరిందే లేదు. పెట్టె ఖాళీ అయిందే లేదు. నాగేశ్వరమ్మ వచ్చి వెళ్ళింది, ఆమె పన్నెండు పెట్టెలో పడింది, రోజులు గడిచాయి, కరెంటు పోయింది వచ్చింది, పన్నెండు అట్లాగే కూర్చుని ఉంది, రేణుక వచ్చేదాకా.

ఇంట్లో అన్నం గిన్నెలు పెట్టే అలమర పక్క గోడకు ఒక పలక ఉండేది. మార్కాపురంలో పలక లేని ఇల్లేది, అందులో మా అబ్బా పలకల కార్ఖానాలోనే పనిచేసేవాడు, రాయిని గోటితో కొట్టి చప్పుడు విని పగులుందో లేదో చెప్పేవాడు. ఇంటికొచ్చినా ఆ రాతి పొడి కనుబొమ్మల మీద ఉండేది, ఈద్ రోజు ఒక్కటే ఆయన కనుబొమ్మలు నల్లగా కనిపించేవి. మా పలకలు మావే, బడి నుంచి రాగానే తడిగుడ్డతో తుడిచేసుకునేవాళ్ళం, పొద్దున్నే కొత్తగా మొదలు. గోడ పలక మాత్రం ఇంటందరిది. అమ్మీ దాని మీద రాసేది, ఇమాం సాహెబ్ తాతకు రాత్రి మాత్ర వెయ్యాలి అని. ఎవరు ముందు అన్నానికి కూర్చుంటే వాళ్ళు చూసి వేసేవాళ్ళం. తాత పోయాక కూడా ఆ రాత అట్లాగే ఉంది. అమ్మీ తుడవబోతే అబ్బా వద్దన్నాడు. "ఉండనీ జైనాబీ, దాని పాటికి అది ఉంటది, ఎవరికి అడ్డం" అన్నాడు. కార్ఖానా మూతపడి ఆయన దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదురుకున్నా ఆ రాత ఉంది. రెండోసారి సున్నం వేసేటప్పుడు పలక దించి మంచం కింద పెట్టారు, రాత అప్పటికీ ఉంది. చెరపకుండా దాచుకోవడం మంచి గుణమనే నేను పెరిగాను. ఎవరికి అడ్డం అన్నాడు అబ్బా. మా ఇంట్లో ఎవరికీ అడ్డం కాలేదు నిజమే. పోయిన మనిషి మాత్ర పొరపాటున ఇంకొకరు మింగలేదు.

తర్లుపాడు. ఆగింది. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు, కదిలింది. ఈ రైలు ఎంత నెమ్మదో నాకు ఇప్పటిదాకా తెలియదు. చిన్నప్పుడు నంద్యాల పెళ్ళికి పోతూ ఇదే దారిలో, ఇంకా నెమ్మదిగా పోతే బాగుండు, సొరంగం తొందరగా అయిపోకుండా ఉంటే బాగుండు అనుకునేదాన్ని. ఫోను మోగింది. ఆ నంబరేమోనని చూశాను, కాదు, మా అబ్బా. "తిన్నావా బేటీ" అన్నాడు. తిన్నానన్నాను. "గొంతేంది అట్లుంది" అన్నాడు. రైలు చప్పుడబ్బా అన్నాను. రైల్లో ఎందుకున్నావని అడగలేదు ఆయన, అడుగుతాడని ఆగాను, కాసేపు దగ్గి, సరే జాగ్రత్త అని పెట్టేశాడు. ఆయన గోటి చప్పుడుకు నాలాంటివి ఎన్ని పగుళ్ళు దొరికాయో. నాది దొరకలేదు, నేను ఖంగుమనే మోగుతున్నాను అందరి ముందూ.

రేణుక నవ్వుతుంది. ఏం చెప్పినా ముందు నవ్వి తర్వాత మాట్లాడుతుంది. సూది గుచ్చేటప్పుడు కూడా నవ్వింది, కుంకుడుకాయలు ఏరేటప్పుడు దిగే ముళ్ళకంటే ఇదేం పెద్దదా అక్కా అంది. ఆ రోజు ఆమె పెదాలు నేను చూడలేదా. గోళ్ళు చూడలేదా. పేరూ నంబరూ కొట్టుకుంటూ కంప్యూటరు వైపే చూస్తున్నాను, అదే నా పని, నేను డాక్టరును కాదు, నర్సును కాదు, నేను నంబర్లు కొట్టుకునేదాన్ని. ఫోన్ నంబరు చెప్పు అంటే అత్త వైపు చూసింది. నాగేశ్వరమ్మ గడగడా చెప్పింది, గూడెంలో అందరూ ఇదే నంబరు ఇస్తారంట, బియ్యం కార్డుకు ఇదే, గ్యాసుకు ఇదే, ఆసుపత్రికి ఇదే. గూడెంలో సిగ్నలు రాదు, పైన ఒక బండ ఉంది, ఎండ తగ్గాక ఎవరో ఒకరు ఫోను తీసుకొని ఆ బండెక్కుతారు, వచ్చిన కబుర్లన్నీ దింపుకొని వచ్చి ఎవరివి వాళ్ళకు చెబుతారు. "మాదంతా ఒకటే ఫోను పాపా" అంది నాగేశ్వరమ్మ. నా ముందు నిలబడి, నా మొహం మీద చెప్పింది. నేను విన్నాను. భలే ఉందే ఈ పద్ధతి అని కూడా అన్నాను. విని, ఆ నంబరే కొట్టాను. పోయేముందు రేణుక కంప్యూటరు తెరను వేలితో ముట్టుకోబోయి ఆగి, "ఇది నన్ను యాదికి పెట్టుకుంటదా అక్కా" అంది. పెట్టుకుంటది, బాగా పెట్టుకుంటది అన్నాను.

బండ మీద ఆ మెసేజీ దిగిన సాయంత్రం ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోకుండా ఉండలేకపోతున్నాను. చదవడం వచ్చినవాళ్ళెవరో పైకి చదివి ఉంటారు. బాగుంది, మళ్ళీ రానవసరం లేదు. గూడెమంతా విని ఉంటుంది. రేణుక నవ్వి ఉంటుంది. అదే రోజునుంచి ఆయాసమొస్తే కూడా ఎవరూ పట్టించుకోరు, కళ్ళు తిరిగితే కూడా నెలలు నిండాయి కదా అనుకుంటారు, ఎందుకంటే రక్తం బాగుంది, మిషను చెప్పింది. నేను ఏ మెసేజీ పంపకుండా ఉన్నా ఈపాటికి ఎవరో ఒకరు అనుమానపడి తీసుకొచ్చేవాళ్ళు. పొద్దున బయల్దేరేముందు కంప్యూటరు తీగ గోడలోంచి పీకేశాను, పెట్టె ఖాళీ అయిపోయింది, ఇక ఎవరి ఫలితమూ ఎవరికీ పోదు. కానీ ఆ ఫోనులో పడ్డది పోదు. రేణుక ఒంట్లోనే ఏదైనా జరిగిపోయి ఉంటే అది నేను తీగ పీకినంతలో పోదు. యా అల్లా. నమాజు సరిగ్గా చెయ్యను నేను, ఇప్పుడు పిలవడానికి సిగ్గుగా ఉంది, అయినా పిలుస్తున్నాను. నాకేమైనా చెయ్. ఉద్యోగం పోనీ, ఊళ్ళో తలెత్తుకోకుండా చెయ్. ఆమెను మాత్రం ఉండనీ.

కంభంలో ఆగింది. ఆగి కదలడం లేదు. జనం దిగి ప్లాట్‌ఫారం మీద నడుములు నిటారు చేసుకుంటున్నారు, ఒకాయన సీసాలో నీళ్ళు పట్టుకొని తాపీగా మొహం కడుక్కుంటున్నాడు. ఏమైందక్కా అని కుక్కరు అక్కను అడిగాను. "క్రాసింగు. ఒకటే పట్టా గదా, ఎదురుబండి రావాల, అది పోతేగానీ మనల్ని వదలడు" అంది. ఎంతసేపు? "అది వాళ్ళిష్టం." దిగి పరిగెత్తాలనిపించింది. దిగి ఎటు పరిగెత్తను. మళ్ళీ చేశాను, మళ్ళీ ఆ అమ్మాయి, కవరేజ్ ఏరియాలో లేదు. రేణుకను వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురండి అని పొద్దున పంపిన మెసేజీ కూడా ఇంకా చేరలేదు, పంపినవి పంపినట్టు వరసగా ఉన్నాయి, చేరినట్టు గుర్తు ఒక్కదానికీ పడలేదు. తప్పుడు మెసేజీ మాత్రం ఎంత చక్కగా చేరింది, బండెక్కినవాళ్ళ చేతిలో కొబ్బరిముక్క పెట్టినట్టు. ఏడుపొచ్చింది. దుపట్టా నోటికి అడ్డం పెట్టుకున్నాను. కుక్కరు అక్క ఒళ్ళోది పక్కన పెట్టి నా మోకాలి మీద చెయ్యి వేసింది.

ఎదురుబండి వచ్చింది. గిద్దలూరు వైపు నుంచి కూత వేసుకుంటూ వచ్చి మా పక్క పట్టాల మీద, మా కిటికీకి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఆగింది. దాని కిటికీల్లో మొహాలు, నిద్రపోతున్నవాళ్ళు, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నవాళ్ళు. వచ్చిందిగా, ఇక మమ్మల్ని వదలండి అనుకుంటున్నాను. నా ఫోను మోగింది. ఆ నంబరు. ఆ నంబరే.

"ఎవరు? ఈ నంబరు నుంచి శానాసార్లు వచ్చినట్టు చూపిస్తాంది" అంది నాగేశ్వరమ్మ.

"పెద్దమ్మా, నేను అస్మాను. ల్యాబు అస్మాను. రేణుక ఎట్లుంది? రేణుక ఎక్కడ?"

"నువ్వా పాపా. నీ దగ్గరికే వస్తాండాం. రక్తం బాగుందంటివి, మరి పిల్లకు నాలుగడుగులు ఏస్తే ఆయాసం, రాత్రంతా కూచోనే ఉండాది. ఏందో సూపిద్దామని రైలెక్కినాం."

"రైలు ఎక్కడుంది ఇప్పుడు?"

"ఏదో టేసను. పక్కన ఇంకో బండి ఆగుండాది."

ఏ పక్కన అని అడిగానో లేదో గుర్తులేదు. మా బండి కూత వేసింది. లేచాను, సంచి సీటు కింద ఇరుక్కుంది, లాగుతుంటే రావడం లేదు. "నువ్వు దిగు, నేనందిస్తా" అంది కుక్కరు అక్క. ప్లాట్‌ఫారం లేని వైపు తలుపు తీసి మెట్టు మీదనుంచి కంకర మీదకు దూకాను, కాలు మడతపడింది, వెనకనుంచి సంచి వచ్చి పడింది, ఎవరో అరుస్తున్నారు, ఏయ్ పాపా పిచ్చా అని. మా బండి కదిలి నా వీపు వెనకే పోతోంది. నా ముందు ఆ రైలు మెట్టు నా ఛాతీ ఎత్తున ఉంది. లోపలినుంచి ఎవరిదో చెయ్యి, వేరుశెనక్కాయల పొట్టు అంటుకున్న చెయ్యి, నన్ను పైకి లాగింది. పెట్టె తర్వాత పెట్టె దాటుకుంటూ పోతున్నాను, కాళ్ళ మధ్యనుంచి, మూటల మీదనుంచి, రేణుకా రేణుకా అని పిలుస్తూ. ఇదీ కదిలింది. మార్కాపురం వైపు.

మూడు నాలుగు పెట్టెల అవతల దొరికారు. రేణుక అత్త ఒళ్ళో తలపెట్టుకొని సీటు మీద పడుకొని ఉంది, కడుపు ఎత్తుగా, ఊపిరి ఎత్తెత్తి తీసుకుంటోంది. పెదాలు చూశాను. ఈసారి చూశాను. గోళ్ళు చూశాను, సున్నం రాసినట్టున్నాయి. నన్ను చూసి నవ్వింది, నవ్వుకే ఆయాసం వచ్చింది. "అక్కా, నువ్వేంది ఈడ" అంది. ప్రకాశరావు సార్‌కు ఫోను చేశాను, స్టేషనుకు అంబులెన్సు, పెద్దాసుపత్రిలో రక్తం సిద్ధం చేయమని చెప్పండి, నేనూ వాళ్ళ బండిలోనే వెనక్కి వస్తున్నాను అని. నాగేశ్వరమ్మ నన్నే చూస్తోంది. పాతదే, మూలలు అరిగిన ఫోను, నా ముందుకు చాపింది. తెర మీద మెసేజీ అట్లాగే ఉంది, బాగుంది, మళ్ళీ రానవసరం లేదు, పన్నెండు. "ఇది నువ్వు పంపిందే గదా" అంది.

"నేనే పెద్దమ్మా. అది తప్పు. అది రేణుకది కాదు. అంతకుముందు నువ్వొచ్చి ఇచ్చినావే, ఆ రక్తానిది. ఇద్దరిదీ ఒకటే నంబరు. నీది తీసి రేణుకకు పంపినాను. ఆమెకు రక్తం లేదు పెద్దమ్మా. అస్సలు లేదు."

తిడుతుందనుకున్నాను. కొట్టినా ఏమీ అనకూడదని చేతులు కట్టుకొని నిలబడ్డాను. నాగేశ్వరమ్మ కోడలి మొహం వైపు చూసింది, ఫోను వైపు చూసింది, నుదుటి మీద వెంట్రుకలు పక్కకు తోసింది, కోడలివి, తనవి కావు.

"ఇది నాదా" అంది.

"నీదే."

"నాది బాగుందనే మాట నిజమేనా, అదీ తప్పేనా?"

"అది నిజం పెద్దమ్మా. నీది బాగుంది."

"ఇంకేం మరి" అని జాకెట్టు చెయ్యి మోచేతి పైదాకా లాక్కుంది, గాజులు పైకి తోసి బిగించింది, అరచెయ్యి పైకి తిప్పి నా ముందు పెట్టింది. "నాది తీసి దానికి పెట్టు. పంపింది నువ్వే గదా, ఇప్పుడు సరిగ్గ పంపు."

ఇక్కడ కుదరదు పెద్దమ్మా, ఆసుపత్రిలో చూడాలి, కలుస్తుందో లేదో చూస్తారు, అక్కడ వేరేవాళ్ళ రక్తం కూడా ఉంటుంది, ఏదేదో చెబుతున్నాను. ఆమె వినడం లేదు. సరేలే పోయినాకే తీయి అంది, చెయ్యి మాత్రం తీయలేదు. నేను కింద కూర్చుని రేణుక అరికాళ్ళు రుద్దుతున్నాను, చల్లగా ఉన్నాయి. రేణుకా అని పిలుస్తున్నాను. ఊ అంటోంది. మళ్ళీ పిలుస్తున్నాను. ఊ. మళ్ళీ. ఈసారి కాసేపు ఆగి, ఊ. తర్లుపాడు వచ్చింది, పోయింది. రేణుకా. రేణుకా. నాగేశ్వరమ్మ కూడా పిలుస్తోంది, లే అమ్మా, వచ్చేసినాం అని, ఒక చెయ్యి కోడలి తల మీద. రెండో చెయ్యి మార్కాపురం వచ్చేదాకా అట్లాగే చాపి ఉంచింది.